కౌన్సెలర్‌ను పెట్టడమా, సిబ్బందికి నేర్పడమా: ఏది మేలు?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, వందమంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. పిల్లల మానసిక ఇబ్బందిని గుర్తించి ఆదుకోవడంలో టీచర్లకూ, మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కోర్టు రెండూ చేయమంది. బడిలో డబ్బు, టైము తక్కువ కాబట్టి ముందు ఏదన్నదే మా స్టాఫ్‌రూంలో వాదన.

కౌన్సెలర్ ఉంటే మార్కులేసే మాస్టారికి చెప్పుకోలేనివి పిల్లలు చెప్పుకుంటారు. కానీ ఆ గదిలోకి వెళ్లినవాణ్ణి తోటిపిల్లలు ‘మెంటల్’ అంటారు. పైగా పిల్లాడికి కోపం అపాయింట్‌మెంట్ తీసుకుని రాదు.

కిందటేడు ఎనిమిదో తరగతి, రెండో పీరియడు. ఒకడు లెక్కల నోటు తియ్యడు. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అరిచాను. పుస్తకం నేలకేసి కొట్టి బయటికెళ్లిపోయాడు. మధ్యాహ్నం వంట అక్క అంది: “రాత్రి ఇంట్లో గొడవంట సార్. ఏం తినలేదు. పొద్దున నా కాడికొచ్చి నీళ్లు తాగిపోయాడు.” ఆమెకు తొమ్మిదింటికే తెలుసు. నాకు చెప్పొచ్చని ఆమెకు తెలియదు, ఆమెను అడగొచ్చని నాకు తోచలేదు.

ఆ స్థితిలో ఉన్నవాడి బుర్రలో బోర్డు మీది లెక్క నిలవదు. మూడో మెట్టుకొచ్చేసరికి మొదటిది జారిపోతుంది. అది మొండితనం కాదు. గొంతు తగ్గించి, బెంచీ పక్కన నిలబడి, “మొహం కడుక్కురా, లెక్క తర్వాత చూద్దాం” అంటే ఆరోజు సగం పాఠమైనా దక్కేది. అందరిముందూ కారణం అడగకపోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. శిక్షణలో ఇలాంటివి చేయించాలి. సంతకం, సమోసా, స్లైడ్లతో సరిపెట్టే శిక్షణైతే ఆ డబ్బు కౌన్సెలర్‌కే ఇవ్వండి.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలైన హ్యాపీనెస్ పీరియడ్ (ధ్యానం, కథలు, కబుర్లతో పిల్లల మనసు కుదుటపరిచే క్లాసు) లాంటిది మూడో దారి. మంచిదే. కానీ తర్వాతి పీరియడ్లో బెత్తం లేస్తే ఏం లాభం?

నా ఓటు ముందు సిబ్బంది శిక్షణకే. అయితే దానికో గీత ఉంది. చచ్చిపోతానన్న మాట విన్నా, ఒంటిమీద గాయాలు కనబడినా టీచరు ఒక్కడే మోయకూడదు. అదేరోజు హెచ్చెంగారికి చెప్పాలి, కౌన్సెలర్ అక్కడ తప్పనిసరి. కౌన్సెలర్ లేనిచోట టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. లైంగిక వేధింపైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే, ‘బడి పరువు’ అని ఆగడానికి లేదు.

ఈసారి శిక్షణ జాబితాలో వంట అక్క పేరూ, వాచ్‌మన్ పేరూ రాయమన్నాను. “వాళ్లకి ప్రయాణ ఖర్చులు, టీఏ ఎవరిస్తారండీ?” అన్నారు హెచ్చెంగారు.