మహమీద్ నుంచి షిగాగా ఇసుక తిన్నెల దాకా: ఒంటెల వెంట నాలుగు రోజులు

మొరాకో దక్షిణాన తారురోడ్డు ఆగిపోయే చివరి ఊరు మహమీద్. అక్కడికి పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న షిగాగా ఇసుక తిన్నెలకు ఒంటెలతో నడిపించుకుపోయే ఒక చిన్న సంస్థ ద్వారా మార్చి నెలలో ప్రయాణించాను. జీపులో కొన్ని గంటల్లో చేరవచ్చు గానీ, ఎడారిలో మనుషులు ఎంత జాగ్రత్తగా బతుకుతారో నడిస్తేనే తెలుస్తుంది.

మేము చెల్లించిన దిర్హమ్‌ల విలువంతా గైడులోనే ఉంది. సంచార కుటుంబంలో పుట్టిన ఆయన, బయలుదేరే ముందు పొడవాటి నూలుగుడ్డను నా తలకు చుట్టి, దాని కొసను ముక్కు మీదుగా తెచ్చి చెవి పక్కన దోపారు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున లెక్కగట్టిన నీళ్లను ఒకే ఒంటెపై వేయకుండా రెండింటికి పంచి కట్టారు. ఒకటి బెదిరి పారిపోయినా గుక్కెడు నీళ్లకు వెతుక్కోవలసిన గతి పట్టకూడదని ఆయన ఉద్దేశం. తెల్లవారుజామున నడక, ఎండ ముదిరాక తుమ్మచెట్టు నీడన విశ్రాంతి, పొద్దు వాలాక మళ్లీ నడక. ఈ క్రమం ఒక్కరోజూ తప్పలేదు.

రెండో సాయంత్రం చలిగాలి కోస్తుంటే, ఎండిన వాగు గర్భంలో డేరా వేద్దామని నేనే అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఉత్తరాన కొండల్లో ఎక్కడో వాన పడితే, మన నెత్తిన చుక్క రాలకపోయినా వాగు పొంగుతుందని చెప్పి, గాలి కొట్టినా సరే గట్టుమీదే డేరా వేయించారు. మూడోరోజు మధ్యాహ్నం ఇసుక గాలి లేచి పది అడుగుల దూరంలో ఉన్నది కనబడనప్పుడు, ఒంటెలను కూర్చోబెట్టి, వాటి చాటున గాలికి వీపు పెట్టి మమ్మల్ని కదలకుండా ఉంచారు. గాలి తగ్గేదాకా ఒక్క అడుగు వేయనివ్వలేదు.

తిండి సాదాగా ఉన్నా రుచికరం. నిప్పులు పక్కకు నెట్టి, వేడి ఇసుకలో పిండిముద్దను కప్పి కాల్చిన రొట్టెను గుడ్డతో దులిపి చేతికిచ్చినప్పుడు, పంటికి ఇసుక రేణువైనా తగలలేదు.

అయితే సంస్థ లోపాన్ని దాచలేను. ఊరు దాటిన కొంతసేపటికే సెల్‌ఫోన్ సిగ్నల్ పోయింది. శాటిలైట్ ఫోను ఇవ్వలేదు. ప్రథమ చికిత్స సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు లేవు, కట్టుగుడ్డలు పాతబడి ఉన్నాయి. తిరిగొచ్చాక అడిగితే, గైడుకు అన్నీ తెలుసని కార్యాలయంలో సమాధానమిచ్చారు. ఆయనకు దారీ, గాలీ, నీళ్ల జాడా తెలుసు, అందులో సందేహం లేదు. కానీ తిన్నె మీంచి జారి ఎవరికైనా కాలు విరిగితే, బండిని పిలిపించే సాధనం ఆయన చేతిలో పెట్టవలసింది సంస్థే. మా ఆరోగ్యం గురించి ముందుగా ఒక్క ప్రశ్నయినా అడగకపోవడం కూడా నాకు నచ్చలేదు.

గైడుకు ఐదు నక్షత్రాలు, సంస్థకు మూడు. వెళ్లదలచినవారు బయానా కట్టేముందే శాటిలైట్ ఫోను ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, మీ మందులు మీరే వెంట ఉంచుకోండి.