డైఫినైల్‌అలనిన్ పొడి: సరుకు బాగుంది, ప్యాకింగే దండగ

తిరుపతిలో మా ల్యాబ్‌కి ఈ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. ఉన్నవి రెండే అమైనో ఆమ్లాలు, రెండూ ఫినైల్‌అలనిన్లే. అల్జీమర్స్ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్కలో కీలకమైన ముక్క ఇది. 2003లో రెచెస్, గజిత్ అనే శాస్త్రవేత్తలు దీంతోనే నానో గొట్టాలు చేసి చూపించారు.

సరుకుకి వంక పెట్టలేను. హెచ్‌ఎఫ్‌ఐపీ అనే ద్రావకంలో మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల చొప్పున కరిగించి, నీళ్లు పోసి 2 మిల్లీగ్రాములకు తెచ్చేసరికి ద్రావణం తెల్లబడింది. మైక్రోస్కోపు కింద చూస్తే పొడవాటి సూదులు, సేమ్యా ఒలకబోసినట్టు! ఎక్స్‌రేలో వచ్చిందీ షట్కోణ స్ఫటిక రూపమే: ఆరేసి అణువులు చుట్టూ చేరి, మధ్యలో నీళ్లు పట్టే సన్నటి సందు. 150 డిగ్రీల దాకా వేడి చేస్తే మాత్రం అణువే వలయంగా మూసుకుని, స్ఫటికం వేరే రూపంలోకి వెళ్లిపోతుంది.

ఒళ్లు మండించింది ప్యాకింగే. మే నెల ఎండకి ఐస్ ప్యాక్ గోరువెచ్చటి నీళ్లయింది, సీసా మీద బ్యాచ్ నంబరు చెరిగిపోయింది. ఫోన్ చేస్తే "కొరియర్ వాళ్లనడగండి సార్" అని పెట్టేశారు. శుద్ధత కాగితం కూడా గట్టిగా అడిగాకే పంపారు.

హెచ్‌ఎఫ్‌ఐపీని ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లు లాగేసే ల్యాబ్ గూడు) బయట తెరవకండి, కళ్లకి చాలా ప్రమాదం. మళ్లీ కొంటానా అంటే కొంటాను, కాకపోతే డిసెంబరులో.