ఒకే ఫొటో షో, మూడు స్క్రీన్లు: చాలాకాలం వాడాక డావిన్చి రిజాల్వ్

డావిన్చి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అనగానే రంగులు దిద్దే కలర్ పేజీ గురించి అందరూ చెబుతారు. ఫొటో షోలు చేసేవాళ్లకి రిజాల్వ్‌లో అసలైన వరం వేరే ఉంది: ఒకే ప్రాజెక్టులో ఒక్కో టైమ్‌లైన్‌కి (ఫొటోలు వరసగా పేర్చే పట్టీకి) ఒక్కో స్క్రీన్ సైజు పెట్టుకోవచ్చు. పెళ్లి ఫొటోల షో ముందు హాల్లో ఎల్‌ఈడీ వాల్ మీద, తర్వాత ఇంట్లో టీవీ మీద, మర్నాటికి వాట్సాప్ స్టేటస్‌లో ఆడాలి. మూడూ మూడు ఆకారాలు. పనంతా మూడుసార్లు చేయకుండా గట్టెక్కించేది ఈ ఒక్క సదుపాయమే.

ముందుగా టీవీ కోసం 1920×1080లో పూర్తి చేయాలి. తర్వాత టైమ్‌లైన్‌ని డూప్లికేట్ చేసి, టైమ్‌లైన్ సెట్టింగ్స్‌లో 'యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్' టిక్ తీసేసి, 1080×1920 పెడితే నిలువు వీడియో తయారు. అయితే ఫొటోలను జూమ్ అంకెలతో సర్దితే ఈ సుఖం దక్కదు. ఇన్‌స్పెక్టర్‌లో (ఎంచుకున్న క్లిప్ సెట్టింగ్స్ కనిపించే చోట) 'రీటైమ్ అండ్ స్కేలింగ్' కింద ఫిట్ (ఫొటో మొత్తం కనిపించేలా), ఫిల్ (అంచులు తెగినా స్క్రీన్ నిండేలా) అని ఉంటాయి, వాటినే వాడాలి. ఒకే ఫొటోని ఒకదానిపై ఒకటి ఉండే రెండు ట్రాకుల్లో పెట్టండి: కింది ట్రాక్‌లో ఫిల్ చేసి, మసకబార్చే గాసియన్ బ్లర్ వేయండి, పై ట్రాక్‌లో ఫిట్ చేయండి. టైమ్‌లైన్ ఆకారం మారిన క్షణంలో రెండూ వాటంతటవే సర్దుకుంటాయి.

ఫిల్ ఒక్కటే పెట్టి వదిలేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఫోన్లో అడ్డంగా తీసిన 4:3 ఫొటోని 16:9లో నింపితే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. పెద్ద కెమెరా 3:2 ఫొటో అయితే పోయేది దాదాపు 16 శాతమే. అదే 4:3 ఫొటోని నిలువు స్క్రీన్‌లో నింపితే వెడల్పులో మిగిలేది 42 శాతం. గ్రూప్ ఫొటోలో రెండు చివర్ల చుట్టాలూ మాయం.

ఇక ఎల్‌ఈడీ వాల్. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మన ఫంక్షన్ హాళ్లలో 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు వాల్ మామూలే. అది 3:2 ఆకారం, టీవీలా 16:9 కాదు. వాల్‌కి బొమ్మని పంపే ప్రాసెసర్ మాత్రం చాలాసార్లు ల్యాప్‌టాప్ నుంచి వచ్చే 1920×1080ని వాల్ మొత్తానికి సాగదీసి సరిపెడుతుంది. దాంతో వెడల్పు 16 శాతం నొక్కుకుపోతుంది. పెళ్లికూతురి ముఖం సన్నబడి పొడుగవుతుంది, గుండ్రటి బొట్టు కోలగా మారుతుంది. టైమ్‌లైన్‌ని 3:2 చేసి మామూలుగా ఎక్స్‌పోర్ట్ చేసినా లాభం లేదు. పక్కల నల్ల పట్టీలు చేరి, వాటితో సహా నొక్కుకుపోతుంది.

దీనికి మందు కూడా రిజాల్వ్‌లోనే ఉంది. 1920×1080 నల్ల బొమ్మలో 1000 పిక్సెళ్ల వృత్తం, నాలుగంచులా తెల్ల గీత పెట్టి, ముందురోజే వాల్ మీద వేసి చూడండి. వృత్తం వెడల్పుని టేపుతో కొలిచి, వృత్తం ఎత్తుతోనే భాగించి, 1920తో గుణిస్తే మీ టైమ్‌లైన్ వెడల్పు వస్తుంది. 12×8 వాల్‌కి 1620×1080. అర మీటరు క్యాబినెట్లు (వాల్‌ని కూర్చే చదరపు పలకలు) అడ్డంగా ఎనిమిది, నిలువుగా అయిదు పేర్చిన వాల్‌కి 1728×1080. తర్వాత టైమ్‌లైన్ సెట్టింగ్స్ అవుట్‌పుట్ ట్యాబ్‌లో రిజల్యూషన్ 1920×1080 చేసి, మిస్‌మ్యాచ్డ్ రిజల్యూషన్ దగ్గర స్ట్రెచ్ ఎంచుకోవాలి. ఆ ఫైల్ ల్యాప్‌టాప్‌లో చూస్తే ముఖాలు వెడల్పుగా కనిపిస్తాయి, కంగారు పడొద్దు. వాల్ మీదికెళ్లాక సరిగ్గా ఉంటాయి. ఫైల్ పేరులో 'వాల్ కోసం' అని తప్పకుండా రాయండి, లేకపోతే అదే చుట్టాలకి వెళ్లిపోతుంది.

వృత్తం గుండ్రంగానే ఉండి పైనా కిందా నల్ల పట్టీలుంటే, వాల్ నిష్పత్తిని కాపాడుతోందని అర్థం. అప్పుడు స్ట్రెచ్ అక్కర్లేదు. బొమ్మలో ఎడమ పై మూల ముక్క ఒక్కటే కనిపిస్తే ప్రాసెసర్ స్కేలింగ్ ఆపి ఉందన్నమాట, అది ఆపరేటర్‌తో సరిచేయించాలి.

మొదట్లో చెప్పిన 'పని మూడుసార్లు చేయక్కర్లేదు' అన్నమాటని కొంచెం తగ్గించుకోవాలి. ఫొటోలు సర్దుకుంటాయి గానీ టైటిళ్లు సర్దుకోవు. నిలువు టైమ్‌లైన్‌లో పేర్లు, తేదీలు మళ్లీ పేర్చాల్సిందే. డైనమిక్ జూమ్ (ఫొటో మెల్లగా దగ్గరయ్యే ఎఫెక్ట్) పెట్టిన ప్రతి ఫొటో మళ్లీ చూసుకోవాలి, జూమ్ ఆగే చోటు ముఖం మీద ఉండకపోవచ్చు. ముఖం ఫ్రేమ్‌లో ఉండేలా తానే సర్దే స్మార్ట్ రీఫ్రేమ్ డబ్బులిచ్చే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది) కూడా మొదటి క్లిప్ వేయకముందే నిర్ణయించుకోవాలి, తర్వాత మారదు. వరస నంబర్లున్న ఫొటోలు ఒకే క్లిప్‌గా చేరి ఫ్రేముకొకటి చొప్పున గిర్రున పోతాయి. మీడియా పేజీ మూడు చుక్కల మెనూలో ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్‌ని ఇండివిడ్యువల్ చేశాకే ఫొటోలు తెచ్చుకోండి.

నెలకి నాలుగైదు షోలు, రకరకాల హాళ్లు, విండోస్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకి ఉచిత వెర్షనే చాలు. లినక్స్ వాడేవాళ్లు ఆగి ఆలోచించాలి, అక్కడ ఉచిత వెర్షన్‌లో హెచ్.264 (ఎక్కువ వీడియోలు వాడే ఫార్మాట్) లేదు. ఏడాదికి ఒక పుట్టినరోజు వీడియో, అదీ ఫోన్లో చూడటానికే అయితే ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని చెప్పను. ఫోన్ యాప్‌లో మొదటే 9:16 ఎంచుకుంటే ఆ పని అయిపోతుంది.