అలర్ట్ సర్వీసులో రెండు ప్యాకులు వాడి చూశాను: షార్ట్ టర్మ్ వద్దు, ట్రెండ్ ఫాలోయింగ్ తీసుకోవచ్చు

ఏ షేరు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో ఫోన్‌కి అలర్టులు పంపే ఒకే కంపెనీ రెండు ప్యాకులు అమ్ముతోంది. షార్ట్ టర్మ్ ప్యాక్‌లో ఐదు నిమిషాల చార్ట్ చూసి రోజంతా అలర్టులు పంపుతూనే ఉంటారు. పెరుగుతున్న షేరు కొని, పెరిగినంత కాలం ఉంచుకునే లాంగ్ టర్మ్ ట్రెండ్ ఫాలోయింగ్ ప్యాక్‌లో మార్కెట్ మూసేశాక ఒక లిస్టు వస్తుంది, చాలా రోజులు అందులో కొత్త పేరే ఉండదు. రెండూ వాడాక షార్ట్ టర్మ్ ప్యాక్ మాత్రం ఎవరినీ తీసుకోమని చెప్పలేను.

అలర్టులు చెత్తవని కాదు, పదింటిలో ఆరు టార్గెట్ (లాభం తీసుకుని అమ్మే రేటు) కొడతాయని వాళ్లు చెప్పుకునే మాట నిజమేననుకుందాం. స్టాప్ లాస్ (నష్టం పెరగకుండా బయటపడే రేటు) అర శాతం దూరంలో, టార్గెట్ కూడా అంతే దూరంలో పెట్టమంటారు. ఆరు గెలిచి నాలుగు పోతే పది ట్రేడులకు మిగిలేది ఒక శాతం, అంటే ట్రేడుకి 0.1 శాతం. బ్రోకరేజ్, పన్నులు, అలర్ట్ చూసి ఆర్డర్ పెట్టేలోపు రేటు జరిగిపోవడం, ఇవన్నీ కలిపి కొనడానికీ అమ్మడానికీ 0.2 శాతం ఖర్చయితే? గెలుస్తూనే డబ్బు పోతుంది! వాళ్ల నెలవారీ రిపోర్టులో ఈ ఖర్చుకి ఒక కాలమ్ కూడా లేదు. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లు చూసేది ఆ రిపోర్టే. పైగా పొద్దున్నుంచీ ఫోన్ చేతిలోనే, ఆ టెన్షన్ వేరు.

ట్రెండ్ ప్యాక్‌లో స్టాప్ ఎనిమిది పది శాతం దూరంలో ఉంటుంది కాబట్టి అదే 0.2 శాతం లెక్కలోకే రాదు. రూల్స్ దాచకుండా రాసిచ్చారు: 55 రోజుల గరిష్ఠం దాటితే కొనాలి, 20 రోజుల కనిష్ఠం కిందికి పడితే అమ్మాలి. 1983లో అమెరికా ట్రేడర్లు రిచర్డ్ డెన్నిస్, విలియం ఎక్‌హార్ట్ తమ శిష్యులైన 'టర్టిల్స్'‌కి నేర్పడం మొదలుపెట్టిన పద్ధతుల్లో ఇదొకటి, కాకపోతే వాళ్లు రాబోయే తేదీకి ఇప్పుడే రేటు కుదుర్చుకునే ఫ్యూచర్స్‌లో పెరిగినా పడినా ట్రేడ్ చేసేవాళ్లు, ఇక్కడ షేర్లు కొనడం వరకే.

దీంతో ఓపిక బాగా కావాలి. మార్కెట్ సైడ్‌వేస్‌లో, అంటే పెరగకుండా పడకుండా అక్కడక్కడే ఉంటే వరుసగా చిన్న చిన్న నష్టాలే, పదిలో ఆరు పోవడం మామూలే, మిగిలిన వాటిలో ఒకటో రెండో పెద్దగా పెరిగి అన్నీ పూడ్చాలి. మధ్యలో విసిగి మానేస్తే ఆ ఒక్కటీ మనకు దొరకదు. 2020లో అమెరికా షేర్ల ఇండెక్స్ ఎస్ అండ్ పీ 500 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు మూడో వంతు పడింది. ఆ ఇండెక్స్ మీద ఈ రూల్ పెట్టి చూస్తే ఫిబ్రవరిలోనే బయటికి తెచ్చేస్తుంది గానీ, మళ్లీ కొనమనేసరికి కోలుకోవడంలో చాలా భాగం అయిపోయి ఉంటుంది.

వీళ్ల బ్యాక్‌టెస్ట్‌తో, అంటే రూల్‌ని పాత రేట్ల మీద పెట్టి చూసిన లెక్కతో, నాకున్న పేచీ ఒకటే. ఇప్పుడు ఇండెక్స్‌లో ఉన్న షేర్లనే పాత తేదీలకు పెట్టి చూశారు, మధ్యలో మునిగిపోయిన కంపెనీలు అందులో లేవు, అందుకే లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వాటినీ కలిపి మళ్లీ చూపించమని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. ట్రెండ్ ప్యాక్ తీసుకునేవాళ్లు మీరూ అడగండి.