విండోస్ 98 తెరకు ఏ ఫాంట్ మేలు? ఎంఎస్ సాన్స్ సెరిఫ్, వెర్డానా, టహోమా

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా బావ నడిపిన డీటీపీ షాపు మూతపడి చాలా ఏండ్లయింది గానీ, అందులోని విండోస్ 98 కంప్యూటర్ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది, పాత పెండ్లికార్డుల ఫైళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి మరి. దాని 17 అంగుళాల మానిటర్ పోతే, 19 అంగుళాల పాత డబ్బా మానిటర్ ఒకటి దొరికింది. ఉత్సాహం ఆగక రెజల్యూషన్ 1600×1200 పెట్టేశాను. బావ చూసి, "ఏం బామ్మర్దీ, కండ్లద్దాలు పెట్టుకున్నా మెనూ కనిపిస్తలేదు" అన్నాడు.

నిజమే. పాత తెర మీద 1024×768లో అంగుళానికి 80 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటే, ఇప్పుడు 111 దాకా ఉన్నాయి. 8 పాయింట్ల మెనూ అక్షరానికి దక్కేది 11 చుక్కలే, అంటే మూడున్నర మిల్లీమీటర్ల సైజు రెండున్నరకు పడిపోయింది.

మొదటి నుంచీ ఉన్న ఎంఎస్ సాన్స్ సెరిఫ్ చుక్క చుక్కా పేర్చి చేసిన ఫాంట్, అందుకే అంచులు కత్తిరించినట్టుంటాయి. కానీ సైజుల్లో 8 తర్వాత నేరుగా 10, మధ్యలో 9 లేదు. పైగా పెద్ద 'ఐ', చిన్న 'ఎల్' రెండూ ఒకటే నిలువు గీత, ఫైల్ పేరులో ఉన్నది ఏదో ఊహించుకోవాలి.

వెర్డానా 1996లో వచ్చింది, మాథ్యూ కార్టర్ అనే ఫాంట్ డిజైనర్ తెర కోసమే గీసింది. చదవడానికి దీన్ని మించింది లేదు, నాకు ఇప్పటికీ ఇదే ఇష్టం. కాకపోతే మహా వెడల్పు. టాస్క్‌బార్‌లో ఐదు ఫైళ్లు తెరిస్తే ఐదింటి మీదా 'పెండ్లి...' అనే కనిపిస్తుంది, ఎవరి పెండ్లో తెలియదు!

టహోమా కూడా కార్టర్ చేతిదే, వెర్డానాను దగ్గరికి నొక్కినట్టుంటుంది. 'ఐ'కి పైనా కిందా అడ్డగీతలున్నాయి, పేర్లు పూర్తిగా పడతాయి. విండోస్ 2000, ఎక్స్‌పీ మెనూలకు దీన్నే తీసుకున్నారంటే ఊరికే కాదు. నా ఓటు దీనికే.

అయితే ఫాంట్ మార్చగానే పని అయిపోదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో అప్పియరెన్స్‌లో మార్చినవి మెనూలకు, ఐకాన్లకు, టైటిళ్ల లాంటి వాటికే వర్తిస్తాయి, చాలా ప్రోగ్రాముల సొంత డైలాగ్ బాక్సులు పాత ఫాంట్‌లోనే ఉండిపోతాయి. అందుకని లార్జ్ ఫాంట్స్ పెట్టి రీస్టార్ట్ చేశాను, అంగుళానికి ఇన్ని చుక్కలని విండోస్ అనుకునే లెక్క (డీపీఐ) 96 కాస్తా 120 అయింది, అదే 8 పాయింట్లకు 13 చుక్కలొచ్చాయి. ఒక లెక్కల ప్రోగ్రాంలో సేవ్ బటన్ సగం కిందికి దిగిపోయింది, ఎంటర్ కొడుతూ నెట్టుకొస్తున్నా.

తెలుగు సంగతి వేరే. విండోస్ 98 యూనికోడ్ వత్తులను సరిగా కలపలేదు, కాబట్టి మెనూల్లో తెలుగు ఆశ వదిలేసుకుని ఫైల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకున్నాం.

ఇంకో దారి రెజల్యూషన్ తగ్గించడం. డబ్బా మానిటర్ కదా, 1280×960 పెట్టినా ఎల్‌సీడీలాగ మసకబారదు. బావ కూర్చుంటే అలా మార్చి ఇస్తున్నా, ఆయన లేవగానే మళ్లీ 1600.