కాలాపత్థర్ రాళ్లలో సాలీడు, లుక్లా టికెట్టులో మోసం

సాలీడును చూడ్డానికి ఎవరెస్ట్ దాకా వెళ్లాలా అని ఇంట్లో అందరూ అడిగారు. వెళ్లాను, చూశాను. మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను, కానీ మాకు టికెట్లు అమ్మిన ట్రావెల్ ఏజెన్సీ గడప మాత్రం తొక్కను.

ఎవరెస్ట్ వైపు నడక మొదలయ్యేది లుక్లా ఊరి నుంచి. ట్రెకింగ్ సీజన్‌లో అక్కడికెళ్లే విమానాలు చాలావరకు కాఠ్మండు నుంచి ఎగరవు, రామేఛాప్ జిల్లా మంథలి నుంచి ఎగురుతాయి. కాఠ్మండులో టూరిస్టుల పేట థామెల్‌లో మాకు టికెట్లు అమ్మినాయన ఆ ముక్క చెప్పలేదు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, ఒంటిగంటకి జీపు వస్తుంది, మనిషికి 2,500 నేపాలీ రూపాయలు అదనం అన్నాడు. రసీదు అడిగితే డ్రైవర్‌నడగమన్నాడు. నాలుగైదు గంటల కొండదారి. తమ్ముడు దారి పొడుగునా వాంతులే. విమానం ఎక్కడి నుంచో, అక్కడిదాకా బండి ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోనిదే అడ్వాన్సు ఇవ్వకండి.

దారిలో మజిలీలు నామ్చే, దింగ్‌బోచే సాఫీగా గడిచాయి. దారిలో వచ్చే సాగర్‌మాథా జాతీయ పార్కు ప్రవేశానికి మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాలవాళ్లకి 1,500, మిగతా విదేశీయులకి 3,000. దారిలో చివరి మజిలీ గోరక్ షెప్‌లో ప్లేటు దాల్ భాత్ 1,200, ఫోన్ చార్జింగ్ 500. ఆ ధరలకి మాత్రం బేరమాడకండి. అక్కడి సరుకు చాలావరకు మనిషి వీపు మీదో యాక్ వీపు మీదో ఎక్కిందే.

ఇక సాలీడు. యూఫ్రిస్ ఓమ్నిసూపర్‌స్టెస్, హిమాలయాల రాళ్ల సందుల్లో బతికే గెంతే సాలీడు. 1924 బ్రిటిష్ ఎవరెస్ట్ యాత్రకి వైద్యుడిగా వెళ్లిన హింగ్‌స్టన్‌కి ఇది సుమారు 6,700 మీటర్ల ఎత్తున కనబడింది. 1975లో సాలీళ్ల శాస్త్రవేత్త వాన్‌లెస్ దీనికి పేరు పెట్టాడు. గడ్డి కూడా మొలవని చోట దీనికి తిండెలా? కింది లోయల నుంచి గాలి మోసుకొచ్చే ఆకుల తునకల మీద, వాటికి పట్టే బూజు (ఫంగస్) మీద స్ప్రింగ్‌టెయిల్ పురుగులు బతుకుతాయి. వాటిని ఇది తింటుంది. గాలే వంటమనిషి అక్కడ!

గోరక్ షెప్ పైనున్న కాలాపత్థర్ కొండ వాలులో గాలి తగలని పక్కన, ఎండ పడిన పలకరాళ్ల దగ్గర కూర్చున్నాం. "తల పగిలిపోతోంది, దిగిపోదాం అన్నయ్యా" అంటూనే ముందు చూసింది తమ్ముడే. మినపగింజంత నల్లటి సాలీడు రాతి అంచున ఆగి, రెండు పెద్ద ముందుకళ్లతో మావైపు తిరిగింది. వాడు వేలు జరిపితే ఆ వేలివైపు తిరిగింది. చటుక్కున పక్కరాయి మీదికి గెంతింది, వెనక సన్నటి దారం ఎండలో మెరిసింది. ఆ తర్వాత వాడు తలనొప్పి ఊసే ఎత్తలేదు.

సూర్యోదయం ఫోటోల కోసం చీకట్లో ఎక్కించి, రాళ్లు వెచ్చబడకముందే దించేసే ప్యాకేజీలు దీనికి పనికిరావు. పొద్దెక్కాక బయల్దేరతామని గైడుతో ముందే మాట్లాడుకోండి. రాయి ఎత్తి చూస్తే మళ్లీ ఉన్నది ఉన్నట్టే పెట్టండి, కింద సాలీడు దారంతో అల్లుకున్న గూడు ఉండొచ్చు.