ఫ్యామిలీ లా పని నేర్చుకోవాలంటే లా విద్యార్థికి ఏది మేలు: సీనియర్ లాయరు ఆఫీసా, కాలేజీలో ఉచిత న్యాయ సాయం చేసే లీగల్ ఎయిడ్ క్లినిక్కా?

ముందుగా మూట్ కోర్టు, అంటే కాలేజీలో విద్యార్థులు వాదించే నమూనా కోర్టు మాట. దానివల్ల వాదించడం అలవాటవుతుంది, బెరుకు పోతుంది. కానీ అక్కడ కేసు వివరాలన్నీ టైపు చేసి చేతికిస్తారు. ఫ్యామిలీ కేసుల్లో అసలు కష్టం ఆ వివరాలు రాబట్టడమే.

సీనియర్ ఆఫీసులో డ్రాఫ్టింగ్, అంటే కోర్టు కాగితాలు రాయడం వస్తుంది. పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ పిటిషన్, భరణం కేసులో కౌంటర్ (ఎదుటి పక్షానికి జవాబు), లోపాలున్నాయని కోర్టు తిప్పి పంపిన పిటిషన్ సరిచేసి మళ్లీ వేయడం లాంటివి పుస్తకం చదివితే వచ్చేవి కావు. భర్త తరఫు, భార్య తరఫు రెండూ చూస్తారు. ఇబ్బందల్లా, క్లయింటు ఏడుస్తూ మాట్లాడే గదిలోకి ఇంటర్న్‌ని చాలామంది రానివ్వరు. కోర్టులోనూ అంతే. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఏ ఒక్క పక్షం కోరినా విచారణ రహస్యంగా జరపాల్సిందే.

క్లినిక్‌లో మాత్రం మనిషి నేరుగా మీ ఎదుటే కూర్చుంటుంది. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంది కాబట్టి, భరణం కోసం వచ్చేవాళ్లు తగులుతారు. రజనేష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, భరణం కేసుల్లో ఇరువైపులా ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. “మీ ఆయన జీతమెంతమ్మా?” అంటే “నాకెప్పుడూ చెప్పలేదు బాబూ” అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అప్పుడు అద్దె ఎంత కట్టేవారు, బండి ఈఎంఐ ఏ బ్యాంకులో, పిల్లల ఫీజు ఎవరి ఫోన్‌ నుంచి వెళ్లేది అని ఓపిగ్గా అడగాలి. ఈ అడగడం వస్తే సగం పని వచ్చినట్టే.

అందుకే నా ఓటు ముందు క్లినిక్‌కే. కాకపోతే కొన్ని కాలేజీల్లో క్లినిక్ అంటే గోడకు బోర్డు మాత్రమే. ఉచిత న్యాయ సాయానికి నియమించిన ప్యానెల్ లాయరు నిజంగా వస్తున్నారా, జనం వస్తున్నారా కనుక్కుని చేరండి. అవేవీ లేకపోతే ఆలోచించకుండా సీనియర్ దగ్గరికే వెళ్లండి.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ కనీసం ఉండాలి. క్లినిక్ తర్వాత మిగిలిన వారాలు ఒకే సీనియర్ దగ్గర చేస్తే, ఏటా అవే కేసులు ఎక్కడిదాకా వచ్చాయో చూడొచ్చు. కాలేజీకిచ్చే ఇంటర్న్‌షిప్ డైరీలో మాత్రం క్లయింట్ల పేర్లు, ఊళ్లు రాయకండి.